జ్వరం లెక్క

శ్రోతలకు నమస్కారం.

పడిశం పది రోగాల పెట్టు అంటారు మన ఇళ్లలో. అంటారే గానీ, పడిశాన్ని చూసి భయపడేవాళ్లు తక్కువ. మిరియాల పాలు తాగి, పసుపు నీళ్ల ఆవిరి పట్టి, రెండు రోజులు ముసుగుతన్ని పడుకుంటే అదే పోతుందని ధీమా. చాలాసార్లు పోతుంది కూడా. ఫ్లూ సంగతి వేరు. ఒళ్లంతా విరగ్గొట్టినట్టు నొప్పులు, మంచం దిగనివ్వని జ్వరం. ఆ ఫ్లూ వైరస్ ఎప్పుడో ఒకసారి, మన ఒంటికి బొత్తిగా పరిచయం లేని రూపంలో వస్తుంది. అప్పుడది దేశాలు దాటి మహమ్మారి అవుతుంది. 1918లో, 1957లో, 1968లో, 2009లో అలాగే అయింది. మళ్లీ రాదని చెప్పగల డాక్టరు లేడు. మరి వచ్చేలోగా ఏం చేసి పెట్టుకోవాలి? ఇవాళ ఆ సంగతి మాట్లాడుకుందాం.

1918 జూన్‌లో ఆ జ్వరం బొంబాయి రేవులో కనిపించింది. తర్వాత రైలెక్కి దేశమంతా తిరిగింది. ఆ ఏడు వర్షాలు కూడా మొహం చాటేశాయి. తిండి లేని ఒంట్లో జ్వరం దూరింది. మన దేశంలో పోయినవాళ్లు కోటికి పైమాటే అంటారు లెక్కలు కట్టినవాళ్లు. ఎందుకింత ఉజ్జాయింపు అంటే, అప్పట్లో ఊళ్లలో చావుల లెక్క రాసేది గ్రామాధికారులు. కారణం దగ్గర చాలావరకు వాళ్లు రాసింది ఒకటే మాట: జ్వరం. మలేరియా వచ్చినా జ్వరమే, టైఫాయిడ్ అయినా జ్వరమే. వాళ్ల తప్పేం లేదు, వాళ్లు డాక్టర్లు కారు కదా. కానీ పోయినవాళ్ల లెక్క తేలేసరికి మహమ్మారి పక్క జిల్లాకు వెళ్లిపోయి ఉంటుంది.

అందుకే ఇప్పుడు లెక్క దగ్గుతో మొదలవుతుంది. మన దేశంలో 2004లో వ్యాధుల మీద నిఘా కోసం ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. అందులో మూడు ఫారాలు: ఎస్, పి, ఎల్. సబ్‌సెంటర్‌లో, అంటే ఊళ్లోని చిన్న ఆరోగ్య కేంద్రంలో, ఏఎన్ఎం అనే నర్సమ్మ నింపేది ఎస్. ఆసుపత్రిలో డాక్టరు చూసి ఫలానా రోగం కావచ్చు అని రాసేది పి. ల్యాబ్‌లో తేల్చి చెప్పేది ఎల్. ఇప్పుడు కాగితాలు పోయి ట్యాబ్‌లు వచ్చాయి గానీ పని అదే. ఒక మండలంలో వారానికి పది పన్నెండు దగ్గు కేసులు వచ్చే చోట ఉన్నట్టుండి అరవై వచ్చాయనుకోండి. ఆ జ్వరం పేరేమిటో ఇంకా ఎవరికీ తెలియకపోవచ్చు. అయినా జిల్లా ఆఫీసులో ఎవరో ఒకరు ఫోన్ తీయాలి. గొంతులోంచి తీసిన నమూనా ల్యాబ్‌కు వెళ్లాలి. మహమ్మారి ప్రణాళిక అని పెద్ద పేరు పెట్టుకున్నాం గానీ, నా దృష్టిలో అందులో సగం ఈ ఫోన్ కాలే.

2009 మనలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. దేశంలో తొలి స్వైన్ ఫ్లూ కేసు మే 16న మన హైదరాబాద్‌లోనే నిర్ధారణ అయింది. ఆగస్టు 3న పుణెలో తొలి మరణం. ఆ తర్వాత వారం రోజులు టీవీ పెడితే చాలు టెన్షన్. మాస్కుల రేట్లు పెరిగాయి. తుమ్ము వచ్చినవాళ్లు కూడా పరీక్ష కోసం ఆసుపత్రుల ముందు బారులు తీరారు. ఒక్క క్షణం ఆ క్యూ ఊహించుకోండి. మామూలు పడిశం ఉన్నాయన ముందు నిజంగా ఫ్లూ ఉన్నాయన, ఆయన వెనక చంటిపిల్లతో ఒక తల్లి. లేని రోగాన్ని క్యూలో నిలబడి తెచ్చుకోవడమే కదా!

దానికి విరుగుడుగా కేంద్ర ఆరోగ్యశాఖ రోగుల్ని ఏ, బీ, సీ అని మూడు రకాలుగా విడదీసింది. కొద్దిపాటి జ్వరం, దగ్గు, గొంతునొప్పి అయితే ఏ. పరీక్షా వద్దు, ఫ్లూ మాత్రా వద్దు, ఇంట్లోనే ఉండమన్నారు. జ్వరం ఎక్కువై గొంతు బాగా నొప్పి ఉన్నవాళ్లు, లక్షణాలు కొద్దిగానే ఉన్నా గర్భిణులు, ఐదేళ్లలోపు పిల్లలు, 65 దాటినవాళ్లు, గుండె జబ్బు, షుగర్ లాంటివి ఉన్నవాళ్లు బీ. వీళ్లకు పరీక్ష లేకుండానే మందు. ఆయాసం, గుండెలో నొప్పి, మగత, గోళ్లు నీలంగా మారడం ఉంటే సీ. వెంటనే పరీక్ష, ఆసుపత్రిలో మంచం. నన్నడిగితే ఆ ఏడాది జరిగిన మంచి పనుల్లో ఇదొకటి. పైసా ఖర్చు లేదు, ఒక కాగితం అంతే. ఉన్న మంచాలు అవసరమైనవాళ్లకు దక్కాలంటే అలాంటి కాగితం రోగానికి ముందే సిద్ధంగా ఉండాలి.

ఆ మందు ఓసెల్టామివిర్. దాని తయారీకి ముడిసరుకు చాలావరకు అనాసపువ్వు నుంచి వచ్చేది. అవును, బిర్యానీలో వేసేదే. అలాగని బిర్యానీ తింటే ఫ్లూ పోదు. పువ్వులోంచి తీసిన పదార్థాన్ని ఫ్యాక్టరీలో ఎన్నో మెట్లు దాటిస్తే గానీ మందు కాదు. జ్వరం మొదలైన రెండు రోజుల్లోపు వేసుకుంటే దాని గుణం బాగా తెలుస్తుంది. ఆరో రోజు పట్నం నుంచి మందు తెప్పించుకుంటే అంత గుణం ఎక్కడిది? అందుకే సరుకు ఎక్కడ నిల్వ ఉంచాలన్నది కూడా ప్రణాళికలో భాగమే.

ఇక టీకా. ఫ్లూ టీకా ఇప్పటికీ ఎక్కువగా కోడిగుడ్డులోనే తయారవుతుంది. మనం అట్టు వేసుకునే గుడ్డు కాదు, లోపల పిండం ఉన్న పదకొండు రోజుల గుడ్డు. దాని పెంకుకు సన్నని బెజ్జం వేసి వైరస్ ఎక్కిస్తారు. రెండు మూడు రోజులు పొదుగుయంత్రంలో ఉంచి, లోపలి ద్రవాన్ని తోడి, శుద్ధి చేస్తారు. ఇంచుమించు గుడ్డుకో డోసు. కొత్త వైరస్ దొరికిన దగ్గర్నుంచి టీకా చేతికి రావడానికి ఐదారు నెలలు పడుతుంది. 2009లో మనకు అంతకన్నా ఎక్కువే పట్టింది. మన దేశంలో తయారైన తొలి స్వైన్ ఫ్లూ టీకా 2010 జూన్‌లో వచ్చింది. ఆగస్టు 10న ప్రపంచ ఆరోగ్య సంస్థ మహమ్మారి ముగిసిందని ప్రకటించింది. పెళ్లయిపోయాక బాజాలు వచ్చినట్టయింది.

తొందరపడితే ఇంకో బాధ. 1976లో అమెరికాలో ఒక సైనిక శిబిరంలో స్వైన్ ఫ్లూ కనిపించింది. అంతే, దేశమంతటికీ టీకా అన్నారు. నాలుగు కోట్ల మందికి పైగా వేశారు. మహమ్మారి రాలేదు. పైగా టీకా వేయించుకున్నవాళ్లలో కొందరికి నరాల జబ్బు కనిపించడంతో డిసెంబరులో ఆపేశారు. అధికారుల్ని జనం ఎగతాళి చేశారు. నాకు మాత్రం వాళ్లమీద కొంత జాలే. రోగం వచ్చాక తిట్లు తినడం, రాకపోతే నవ్వులపాలవడం, ఈ ఉద్యోగంలో రెండూ ఉంటాయి.

ఈలోగా నిఘా ఆగదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలినప్పుడు చికెన్ కొట్ల ముందు జనం పలచబడ్డారు గానీ, ఆరోగ్య సిబ్బంది అసలు పని ఫారాల చుట్టూ ఉన్న ఊళ్లలో పడింది. ఎవరికైనా జ్వరమా, దగ్గా అని ఇల్లిల్లూ అడగడం.

ఆ అడిగే మనిషికి ఒక నియమం ఉంది. వారమంతా తిరిగినా కేసు ఒక్కటీ దొరకలేదనుకోండి, ఫారం ఖాళీగా వదిలేయకూడదు. ఖాళీగా ఉంటే రోగం లేదో, అసలు ఎవరూ చూడలేదో పైవాళ్లకు తెలియదు. అందుకని ఎండలో నాలుగు వీధులూ తిరిగొచ్చి, సబ్‌సెంటర్ బల్ల దగ్గర కూర్చుని, మంచినీళ్లు తాగి, ఆ గడిలో ఆమె సున్నా అని నింపి పంపుతుంది. మళ్లీ వారం మళ్లీ సున్నా.

నమస్కారం.