నొప్పి లేని గడ్డ

(దేవరకొండ దగ్గరి ఒక ఊరిలో, మహిళా సంఘాల సమావేశంలో ఒక రిటైర్డ్ జీవశాస్త్రం టీచర్ చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, సంఘాల లీడర్లకు, ఎండలో నడిచి వచ్చిన అక్కలకు, చెల్లెళ్లకు నమస్కారం. లోన్ల లెక్కలయ్యాక పది నిమిషాలు నాకిచ్చారు. కణితి అంటే ఏమిటో వరుసగా చెబుదామని కాగితం రాసుకొచ్చాను.

మన ఒంట్లో దాదాపు 30 లక్షల కోట్ల కణాలుంటాయి. పత్తి ఏరేటప్పుడు కాయ మొన గీసుకొని వేలు తెగుతుంది కదా. అంచుల్లోని కణాలు ఒకటి రెండుగా చీలుతూ ఆ సందును పూడుస్తాయి. పూడగానే ఆగిపోతాయి. ఇన్నేళ్లు పాఠం చెప్పినా నాకు ఆశ్చర్యంగా ఉండేది ఆ ఆగడమే. ఎప్పుడు పెరగాలి, ఎప్పుడు ఆగాలి, పాడైతే ఎప్పుడు చచ్చిపోవాలి అనే రాత కణం లోపల డీఎన్ఏలో ఉంటుంది. కణం చీలిన ప్రతిసారీ ఆ రాతకు నకలు తీయాలి. అక్కడ తప్పులు పడతాయి. చాలావాటిని కణమే దిద్దుకుంటుంది. బీడీ, గుట్కా, వక్క ఆ తప్పులను పెంచుతాయి. దిద్దని తప్పులు ఏళ్ల తరబడి పోగైతే ఏదో ఒక కణం ఆగడం మరిచిపోతుంది. అలా పెరిగిన ముద్దే కణితి.

అన్ని కణితులూ క్యాన్సర్ కావు. వీపు మీద మెత్తగా కదిలే కొవ్వు గడ్డ ఉన్నచోటే ఉంటుంది. గర్భసంచి గడ్డలు కూడా చాలావరకు అంతే. క్యాన్సర్ అయితే పక్క కండలోకి చొచ్చుకుపోతుంది. కొన్ని కణాలు విడిపోయి, రక్తంలో పడి, ఎముకల్లోనో ఊపిరితిత్తుల్లోనో మళ్లీ మొలుస్తాయి.

మర్రిగూడ వైపు నుంచి వచ్చినవాళ్లున్నారు, ఒక మాట. ఫ్లోరైడ్ నీళ్లతో వంగిన ఎముకలు కణితి కాదు. రెండింటినీ కలపొద్దు. ఆ బాధ మీద వేరే మీటింగే పెట్టుకోవాలి.

కాగితం పక్కన పెడుతున్నాను. మా అక్క సంగతి చెప్పాలి.

బతుకమ్మకు పుట్టింటికి వచ్చింది. తంగేడు పూలు పేరుస్తూ నా చెయ్యి పట్టుకొని తన రొమ్ము పక్కన పెట్టింది. శనగగింజంత ఉంది, గట్టిగా. "నొప్పి ఉందా అక్కా?" అన్నాను. "లేదే" అంది. "అయితే ఏం కాదులే" అన్నాను. పిల్లలకు కణవిభజన చెప్పే టీచర్ని, నేనే అన్నాను.

ఒకటి రెండు, రెండు నాలుగు, ఇలా 30 సార్లు రెట్టింపైతే 100 కోట్లు దాటుతుంది. శనగగింజంత గడ్డలో సుమారు అన్ని కణాలుంటాయి. చేతికి తగిలేనాటికే అది చాలాకాలంగా పెరుగుతోందన్నమాట. సెగగడ్డ మొదటి రోజే సలుపుతుంది, ఎందుకంటే ఒళ్లు దానితో కొట్లాడుతుంది. ఇది చప్పుడు చేయకుండా పెరుగుతుంది. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దమ్మా. నొప్పి లేదు కాబట్టే చూపించుకోవాలి.

పత్తి ఏరడం అయ్యాక పోతానంది. తర్వాత బిడ్డ పెళ్లి. ఊళ్లో ఒకాయన గోలీలిచ్చాడు. చివరికి ఒక డాక్టరమ్మ ముక్క తీసి పరీక్ష చేద్దామంటే, కత్తి తగిలితే పాకుతుందని చుట్టాలు తిప్పి తీసుకొచ్చేశారు. ఆ మాట మీద నాకు ఇప్పటికీ కోపమే. సూదితో ముక్క తీసినందుకు రొమ్ము క్యాన్సర్ ఒళ్లంతా పాకదు. ఆ ముక్కను చూడనిదే అది మంచి గడ్డో చెడ్డ గడ్డో ఎవరూ చెప్పలేరు. అక్కకు నొప్పి మొదలైంది వెన్నులో. అప్పటికే అక్కడికి చేరింది. 46 ఏళ్లకే పోయింది.

ఇందాక ఒకామె నా చెవిలో అడిగింది, ముట్లు ఆగాక మళ్లీ రక్తం కనిపిస్తే ఏం చేయాలని. వెంటనే చూపించుకోవాలి. నోట్లో మూడు వారాలైనా మానని పుండు, లోపలికి గుంజుకున్న రొమ్ము చర్మం, చనుమొన నుంచి రక్తం కూడా అంతే. మొదట్లోనే పట్టుకుంటే బాగయ్యేవాళ్లు ఎందరో. ఆరోగ్యశ్రీ ఉంది, హైదరాబాద్‌లో సర్కారు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ఉంది.

మా అక్కకు లేనిది తోడు. బడికి సెలవు దొరకదని నేను ఒక్కసారి కూడా వెంట పోలేదు.

ఇప్పుడు ఎవరినీ చేతులెత్తమని అడగను. మంగళవారం పొద్దున ఏడింటి బస్సుకు నల్లగొండ పెద్దాసుపత్రికి పోతున్నాను. స్టాండులో ఉంటాను. ఎక్కడికి పోతున్నావని ఇంట్లో అడిగితే, టీచరమ్మకు తోడు పోతున్నానని చెప్పండి.