రూపాయి కట్టి చూడగల లెక్క

(గుంటూరు బ్రాడీపేటలో జరిగిన పౌరుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలందరికీ నమస్కారం. ఇంత ఎండలో కాలేజీ నుంచి నేరుగా వచ్చిన పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం.

మీ జేబులో రూపాయి బిళ్ల ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకోండి. ఎన్నికల నిర్వహణ నియమాలు, 1961 అని ఉన్నాయి. వాటిలో 88వ నియమం ఏం చెబుతుందంటే, అసెంబ్లీకో పార్లమెంటుకో పోటీ చేసిన అభ్యర్థి తన ఖర్చుల లెక్క జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాక, ఎవరైనా సరే రూపాయి రుసుము కట్టి దాన్ని చూడొచ్చు. ఆ నియోజకవర్గం ఓటరే కానక్కర్లేదు. ఎందుకు చూస్తున్నారో చెప్పక్కర్లేదు. మరికొంత రుసుము కడితే ధ్రువీకరించిన నకలు కూడా ఇస్తారు. లెక్క అందిన రెండు రోజుల్లో ఆ సంగతి నోటీసు బోర్డు మీద అంటించాలని 87వ నియమం.

నేను ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వంలో లెక్కల ఉద్యోగం చేశాను. నాలుగు ఎన్నికల్లో అభ్యర్థుల ఖర్చులు చూసే బృందంలో కూర్చున్నాను. ఆ రూపాయి పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చిన మనిషి ఒక్కరూ లేరు. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్న విషయం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

అసెంబ్లీ అభ్యర్థి ఖర్చు మన రాష్ట్రంలో 40 లక్షలు దాటకూడదు. లోక్‌సభ అభ్యర్థిది 95 లక్షలు. 2022 జనవరిలో పెంచిన పరిమితులివి. 2024 ఎన్నికల నాటికి రాష్ట్రంలో సుమారు 4.14 కోట్ల ఓటర్లు, 175 స్థానాలు. అంటే స్థానానికి సగటున రెండు లక్షల ముప్పై ఆరు వేల మంది. 40 లక్షల్ని వాళ్లకు పంచి చూస్తే మనిషికి పదిహేడు రూపాయలు. జెండాలు, మైకులు, జీపులు, కరపత్రాలు, భోజనాలు, ఏజెంట్ల బత్తాలు అన్నీ ఆ పదిహేడులోనే రావాలి. అదే ఓటుకు రెండు వేల లెక్కన లక్ష మందికి పంచితే ఇరవై కోట్లు. ఇది కాగితం మీద గుణకారమే, ఫలానా వాళ్లు ఇంత పంచారని నేననడం లేదు. కానీ ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకుంటే మనం ఏ రకం లెక్క గురించి మాట్లాడుకుంటున్నామో తెలుస్తుంది. చట్టం ప్రకారం పంపకం ఖర్చు కాదు, లంచం. కాబట్టి పరిమితిని 40 లక్షల నుంచి కోటికి పెంచినా, రెండు కోట్లకు పెంచినా ఆ డబ్బు పుస్తకంలోకి రాదు. పరిమితి పెంచితే అందరూ నిజాయతీగా రాస్తారనే వాదన విన్నప్పుడల్లా నాకు ఈ మాటే గుర్తుకొస్తుంది.

ఇక పుస్తకం ఎలా ఉంటుందో చెబుతాను. నామినేషన్ రోజున అభ్యర్థికి ఒక రిజిస్టర్ ఇస్తారు. తెల్ల పేజీల్లో రోజువారీ ఖర్చు రాయాలి. గులాబీ పేజీలు నగదుకు, పసుపు పేజీలు బ్యాంకుకు. ఎన్నికల కోసం విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి. పది వేలు దాటిన చెల్లింపు నగదులో చేయకూడదు. ప్రచారం సాగుతుండగానే కనీసం మూడుసార్లు తెచ్చి చూపించాలి. మా దగ్గర దానికి జోడీగా ఇంకో పుస్తకం ఉంటుంది, షాడో రిజిస్టర్ అంటారు. వీడియో బృందం తీసినది చూసి, కుర్చీలెన్ని, బళ్లెన్ని, షామియానా ఎంత అని మేమే రాసుకుంటాం. కుర్చీకి అద్దె ఎంత, ప్లేటు బిర్యానీ ఎంత, టీ ఎంత అన్నది ముందే పార్టీల వాళ్లను కూర్చోబెట్టి రేటు కార్డు తయారుచేస్తారు. చివరికి రెండు పుస్తకాలూ కలవాలి.

ఒక నియోజకవర్గంలో, పేరు వద్దు, రాత్రి పది దాటాక వీడియో చూస్తున్నాం. ఒక కల్యాణ మండపం. బంతులు బంతులుగా భోజనాలు. నా పక్కనున్న కుర్రాడు వీడియో ఆపి ఆపి ఆకులు లెక్కపెట్టాడు. బంతికి నూట ఇరవై చొప్పున అయిదు బంతులు. గోడకు పార్టీ జెండా, వడ్డించే వాళ్ల మెడలో కండువాలు. మర్నాడు అభ్యర్థి మనిషి తెచ్చిన తెల్ల పేజీలో ఆ తేదీన నూట యాభై పులిహోర పొట్లాలు. నోటీసు ఇచ్చాం. జవాబు వచ్చింది: అది పెళ్లిరోజు విందు, ఎవరో అభిమాని సొంత ఖర్చుతో పెట్టారు, అభ్యర్థికి సంబంధం లేదు. ఆ అభిమాని సంతకం, ఆధార్ నకలు జతచేశారు. మేం ఒప్పుకోలేదు, తేడా మొత్తం షాడో రిజిస్టర్లో ఎక్కించాం. రెండు కలిపినా పరిమితిలో సగం దాటలేదు. అక్కడితో అయిపోయింది. ఆ కుర్రాడు కళ్లు మండేలా కూర్చుని లెక్కపెట్టిన ఆరు వందల ఆకులు ఒక కట్టలో చేరి బీరువాలోకి వెళ్లాయి. ఆ కట్టను ఊళ్లో ఒక్కరు తెరిపించి, ఆ పెళ్లిరోజు ఎవరిది అని అడిగి ఉంటే కథ వేరుగా ఉండేది. ఎందుకంటే ఆ వీధిలో వాళ్లకు అది ఎవరి భోజనమో తెలుసు. మాకు తెలియదు.

చట్టంలో పెద్ద కంతలు రెండున్నాయి. మొదటిది తేదీ. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం అభ్యర్థి లెక్క నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు వరకే. 2024లో షెడ్యూలు మార్చి 16న వచ్చింది. మన రాష్ట్రంలో నామినేషన్లు మొదలైంది ఏప్రిల్ 18న. మధ్యలో ముప్పై మూడు రోజులు. ఎన్నికల కోడ్ అమల్లో ఉంది, ఊరంతా ప్రచారం, పేరు ఖరారైన అభ్యర్థి రోడ్డు మీదే ఉన్నాడు, అయినా తెల్ల పేజీ మొదలుకాలేదు. ముందే కొన్న సామాను నామినేషన్ తర్వాత వాడితే దాన్ని లెక్కలో చూపాలనే మాట వాస్తవమే. కానీ ముందే తిన్న భోజనాన్ని ఎవరు చూపిస్తారు? లెక్క నోటిఫికేషన్ తేదీ నుంచి మొదలవ్వాలని లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో చెప్పింది. నన్నడిగితే షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచే మొదలవ్వాలి.

రెండో కంత పార్టీ. అభ్యర్థికి పరిమితి ఉంది, పార్టీకి లేదు. 1974లో సుప్రీంకోర్టు కన్వర్‌లాల్ గుప్తా కేసులో, అభ్యర్థి కోసం పార్టీ పెట్టిన ఖర్చు కూడా అభ్యర్థి ఖర్చే అని తీర్పిచ్చింది. ఎంత సూటైన మాట! నెలలు తిరగకుండానే, పార్టీ పెట్టిన ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదని కేంద్రం చట్టాన్ని సవరించి ఆ తీర్పును పనికిరాకుండా చేసింది. 2003లో ఆ వెసులుబాటును కొంత తగ్గించారు, పూర్తిగా తీసేయలేదు. గుర్తింపు పొందిన పార్టీకి నలభై మంది స్టార్ క్యాంపెయినర్లు, అంటే పార్టీ తరఫున ఊరూరా తిరిగి ప్రచారం చేసే నాయకులు; వాళ్ల ప్రయాణ ఖర్చు ఏ అభ్యర్థి ఖాతాలోనూ పడదు. అభ్యర్థి వాళ్లతో వేదిక పంచుకుంటే మాత్రం సభ ఖర్చులో వాటా ఆయన మీద పడుతుంది. హెలికాప్టర్ దిగిన సభకు జనాన్ని తోలిన బస్సులు పార్టీవా, అభ్యర్థివా అని మేం గంటల తరబడి వాదించుకున్న రోజులున్నాయి. ఇచ్చినవాళ్ల పేరు బయటపడకుండా పార్టీలకు విరాళాలు చేర్చిన ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేసింది. చాలా మంచి తీర్పు, పైనుంచి వచ్చే డబ్బు ఎవరిదో తెలిసే దారి తెరిచింది. కింద బూత్ దగ్గర చేతులు మారే నగదుకు మాత్రం దానితో సంబంధం లేదు.

ఆ నగదును పట్టుకోవడానికి చెక్‌పోస్టులు పెడతారు. గుంటూరులో ఈ మాట ఎత్తితే మిర్చి రైతు గుర్తుకు రావాలి. యార్డులో సీజను, ఎన్నికలు 2024లో ఒకేసారి వచ్చాయి. పల్నాడు వైపు నుంచి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి అమ్ముకున్న రైతు కమీషన్ కొట్టులో డబ్బు తీసుకుని పంచెలో కట్టుకుని బస్సెక్కుతాడు. ఒక చెక్‌పోస్టులో అలాంటి ఒక పెద్దాయన దగ్గర రెండు లక్షల చిల్లర దొరికింది. యాభై వేలు దాటింది, కాగితం చూపించమన్నారు. సరుకు అమ్మినట్టు కొట్టువాళ్లిచ్చే చీటీ, తక్‌పట్టీ, కొడుకు దగ్గర ఉండిపోయింది. డబ్బు సీజ్ చేశారు. మర్నాడు కమిటీ ముందుకొచ్చి ఆయన అడిగిన మొదటి మాట, “నాయనా, కూలీలకు ఇవ్వాల్సిన డబ్బు, వాళ్లకేం చెప్పను?” తక్‌పట్టీ వచ్చాక డబ్బు ఇచ్చేశాం. అలాంటి కేసులు తేల్చడానికే జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది. కేసు నమోదు కాకపోతే పోలింగ్ అయిన ఏడు రోజులకు మించి ఎవరి డబ్బూ ఆపకూడదు. ఈ సంగతి చెక్‌పోస్టు దగ్గర తెలుగులో బోర్డు రాసి పెట్టాలని నేను అడిగాను. పెట్టలేదు. ఆ సీజనులో మేం ఆపిన సంచుల్లో రైతులవి, చీరల వ్యాపారులవి, పెళ్లివాళ్లవి ఎన్నో. బూత్ జాబితా జేబులో పెట్టుకున్న సంచి ఒక్కటి కూడా నా కళ్లబడలేదు. దాని దారి వేరు. అది ఎన్నికలకు చాలా ముందే ఊరు చేరి, ఎవరి ఇంట్లోనో బియ్యం డ్రమ్ములో ఉంటుంది. దాన్ని పట్టుకోవాలంటే ఊరు నోరు విప్పాలి.

సరే, ఢిల్లీలో మారాల్సినవి ఢిల్లీలో మారాలి. ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని ముట్టుకునే అధికారం మన అసెంబ్లీకి లేదు. కానీ పంచాయతీలు, మండల, జిల్లా పరిషత్తులు, మున్సిపాలిటీల ఎన్నికల చట్టం ఎవరిది? మనది. రాజ్యాంగం 243-కె, 243-జెడ్ఏ అధికరణాల కింద ఆ ఎన్నికలు నడిపేది రాష్ట్ర ఎన్నికల కమిషన్. తన పరిధిలో దానికి కేంద్ర ఎన్నికల కమిషన్‌తో సమానమైన అధికారాలున్నాయని 2006లో సుప్రీంకోర్టు కిషన్‌సింగ్ తోమర్ కేసులో చెప్పింది. అసెంబ్లీ ఎన్నికలకు డబ్బు పంచే యంత్రాంగం తయారయ్యేది కూడా ఈ చిన్న ఎన్నికల్లోనే. డివిజన్‌లో ఏ ఇంటికి ఎన్ని ఓట్లు, ఎవరి చేతికి ఇస్తే చేరుతుంది అనే జాబితా కార్పొరేటర్ ఎన్నికలో పుడుతుంది, మూడేళ్ల తర్వాత ఎమ్మెల్యే ఎన్నికలో పనికొస్తుంది. సర్పంచి ఎన్నిక పార్టీల గుర్తులు లేకుండా జరుగుతుంది, అయినా కొన్ని ఊళ్లలో పదవిని గుడి అరుగు మీద వేలం వేస్తున్నారు. గుడికి డబ్బొచ్చింది కదా అని మనం దాన్ని తప్పుగా చూడడం లేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే. ఓటు వేసే రోజే లేకుండా పోతుంది.

రాష్ట్రం ఏమీ చేయలేదని అనను. 2020లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించి, డబ్బు, మద్యం పంచినట్టు తేలితే గెలిచాక కూడా అనర్హత, మూడేళ్ల దాకా జైలు అని రాశారు. మాటలో ఎంతో బలముంది. కానీ తేల్చేదెవరు? కేసు రాసేది రాష్ట్ర పోలీసు, సారా పట్టేది రాష్ట్ర ఎక్సైజ్, వాదించేది రాష్ట్ర ప్రభుత్వ ప్లీడరు. ఫలితం రాగానే ఎన్నికల విధుల్లో ఉన్నవాళ్లందరూ తమ తమ కుర్చీల్లోకి వెళ్లిపోతారు. ఫిర్యాదు చేసిన మనిషి ఒంటరిగా కోర్టు వాయిదాకు తిరగాలి. ఎదురుగా ఉన్నవాడు ఇప్పుడు తన వార్డుకు పెద్ద. అదే 2020లో ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్నే ఆర్డినెన్సుతో కుదించడం, హైకోర్టు దాన్ని కొట్టేయడం చూశాం. ఏ పార్టీ ప్రభుత్వం అన్నది నాకు ముఖ్యం కాదు. లెక్క అడగాల్సినవాడి కుర్చీకే భద్రత లేకపోతే కింద ఆకులు లెక్కపెట్టే కుర్రాడు ఎవర్ని చూసి ధైర్యం తెచ్చుకుంటాడు?

మన శాసనసభ్యుల్ని మనం అడగాల్సింది ఇది. స్థానిక ఎన్నికల లెక్క షెడ్యూలు ప్రకటించిన రోజు నుంచి మొదలవ్వాలి, పార్టీ పెట్టిన ఖర్చు కూడా అందులో పడాలి. 1974 నాటి ఆ మాటను ఢిల్లీ వదిలేసింది, మన చట్టంలో మనం రాసుకోవచ్చు. కమిషన్‌కు సొంత లెక్కల విభాగం ఉండాలి, ఎన్నికలు అయిపోయాక కూడా ఏడాది పాటు పనిచేసేలా. ప్రతి అభ్యర్థి లెక్క, దాని పక్కనే అధికారులు రాసుకున్న లెక్క, రెండూ వార్డు కార్యాలయం గోడ మీద, కమిషన్ వెబ్‌సైటులో ఉండాలి. నమోదైన కేసు ఏమైందో ఆరు నెలలకోసారి కమిషన్ బహిరంగంగా చెప్పాలి. ఎత్తేస్తే ఎందుకు ఎత్తేశారో కూడా. తాజా, మాజీ ఎమ్మెల్యేలు, ఎంపీల మీద కేసుల్ని హైకోర్టు అనుమతి లేకుండా ఉపసంహరించకూడదని 2021 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆదేశించింది. కార్పొరేటర్లకు, సర్పంచులకు అదే కట్టుబాటు మన చట్టంలో పెట్టుకోవాలి.

వీటిలో అన్నిటికంటే నేను పట్టుపట్టేది గోడ మీద లెక్క. పెళ్లిరోజు విందు ఎవరిదో వీధికి తెలుసని ఇందాక అన్నాను కదా. ఆ వీధిలోనే ఆ కాగితం అంటిస్తే చదివే కళ్లు అక్కడే ఉంటాయి.

చట్టం మారేదాకా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిన అవసరం లేదు. సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్ర నియమాల్లో గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో అయిదు రూపాయలు, ఆపైన పది. 2021 మార్చి 10న మన గుంటూరులో, విజయవాడలో నగరపాలక ఎన్నికలు జరిగాయి. ఇక్కడ 57 డివిజన్లు, అక్కడ 64. ఆ అభ్యర్థులు ఇచ్చిన లెక్కలు అడుగుదాం. గుంటూరు 57 డివిజన్లకు దరఖాస్తులు తెలుగులో రాసి, అచ్చువేయించి, తలుపు పక్కనున్న బల్ల మీద పెట్టాను. డివిజన్ నంబరు దగ్గర ఖాళీ ఉంది. మీరుండే డివిజన్ నంబరు మీరే రాయండి, ఒక్కోదానికి ఇద్దరు సంతకం చేస్తే చాలు. లెక్కలు చేతికొచ్చాక చదవడం ఎలాగో నేను చెబుతాను. మొదట నగదు పేజీలు తీద్దాం.