మైళ్లతో పలు మజిలీల ప్రయాణం: టికెట్‌ను ఎక్కడి నుంచి అల్లాలి?

విశాఖపట్నంలో చేసిన ప్రసంగ పాఠం

సభకు నమస్కారం.

పిల్లలు అమెరికాలోనో ఐరోపాలోనో స్థిరపడిన తల్లిదండ్రులు, ఓడల మీద ఉద్యోగాలు చేసి వచ్చినవారు, వ్యాపారం నిమిత్తం తరచూ విదేశాలకు వెళ్లేవారు ఈ సభలో చాలామందే ఉన్నారు. వారిలో ఎక్కువమంది దగ్గర ఏదో ఒక విమాన సంస్థ ప్రయాణాలకు బహుమతిగా జమచేసిన మైళ్లో, క్రెడిట్ కార్డు పాయింట్లో పోగుపడి ఉంటాయి. వాటితో ఢిల్లీకో బెంగళూరుకో ఒక టికెట్ తీసుకోవడానికి ఎవరి ఉపన్యాసమూ అక్కర్లేదు. ఒకే టికెట్ మీద రెండు మూడు సంస్థల విమానాలు, దారిలో కొన్నాళ్ల మజిలీ, దిగే ఊరొకటి, తిరిగి బయలుదేరే ఊరొకటి ఉండేలా మైళ్లతో ప్రయాణాన్ని కుదుర్చుకోవడం ఎలాగన్నదే నేటి అంశం.

ఇందులో నేను చెప్పదలచినది ప్రధానంగా ఒక్కటే. ఇలాంటి టికెట్‌ను మన ఊరి నుంచి మొదలుపెట్టి వరుసగా అల్లుకుంటూ పోకూడదు. అన్నిటికంటే దొరకడం కష్టమైన అంచె ఏదో ముందు కనిపెట్టి, దాన్ని చేజిక్కించుకున్నాక, అటూ ఇటూ మిగతా అంచెలను కట్టుకుంటూ రావాలి. ముహూర్తాల నెలలో పెళ్లి పెట్టుకున్నవారు ముందు కల్యాణమండపం దొరుకుతుందో లేదో చూసుకుని, ఆ తరువాతే వంటవాళ్లనూ మేళాన్నీ మాట్లాడుకుంటారు కదా, ఇదీ అంతే. విశాఖ నుంచి ఢిల్లీకి సీటు ఎప్పుడైనా, ఎలాగైనా సంపాదించుకోవచ్చు. ఐరోపా నుంచి న్యూయార్క్‌కు ఒకే విమానంలో భార్యాభర్తలిద్దరికీ బిజినెస్ క్లాసులో అవార్డు సీట్లు, అంటే మైళ్లకు ఇచ్చే సీట్లు, ఏడాదిలో ఏ కొద్ది రోజులో కనిపిస్తాయి. మనవాళ్లు చేసే పనేమిటంటే, ముందు సెలవు తేదీలు ఖాయం చేసుకుని, విశాఖ–ఢిల్లీ టికెట్ కొనేసి, ఆ తరువాత సముద్రం దాటే సీటు కోసం వెతుకుతారు. అక్కడే వ్యవహారం తలకిందులవుతుంది.

కెనడా సంస్థ పాయింట్లతో ఆస్ట్రియా సంస్థ విమానం ఎలా ఎక్కగలమన్న సందేహం కొందరికి ఉండవచ్చు కనుక నేపథ్యం కొద్దిగా చెబుతాను. 1981 మే 1న అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఆడ్వాంటేజ్ అనే పథకం ప్రారంభించి, ఎగిరిన దూరానికి మైళ్లు జమచేసింది. ఇతర సంస్థలూ త్వరలోనే అదే దారి పట్టాయి. 1997లో ఎయిర్ కెనడా, లుఫ్తాన్సా, ఎస్ఏఎస్, థాయ్, యునైటెడ్ కలిసి స్టార్ అలయన్స్ కూటమిని స్థాపించాయి. 1999లో వన్‌వరల్డ్, 2000లో స్కైటీమ్ వచ్చాయి. ఎయిరిండియా 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరింది. కూటమిలోని ఒక సంస్థ పథకంలో ఉన్న మైళ్లు మిగతా సంస్థల విమానాల్లోనూ చెల్లుతాయి. అయితే ధర ఎంత, మజిలీలు ఎన్ని, ఏ దారి చెల్లుతుంది అన్నవి మన మైళ్లు ఉన్న పథకం నిర్ణయిస్తుంది. సీటు ఇవ్వాలా వద్దా అన్నది విమానం నడిపే సంస్థ నిర్ణయిస్తుంది. ఈ అధికార విభజనను మరచిపోకుండా ఉంటే రాబోయే చిక్కుల్లో సగం ముందే అర్థమవుతాయి.

విమానంలో సీట్లు ఖాళీగా ఉన్నంత మాత్రాన అవి మైళ్లకు దొరుకుతాయని కాదు. ప్రతి సంస్థా అవార్డులకు వేరే బుకింగ్ తరగతులు పెడుతుంది. స్టార్ అలయన్స్‌లో భాగస్వాముల కోసం సాధారణంగా ఎకానమీకి ఎక్స్, బిజినెస్‌కు ఐ, ఫస్ట్‌కు ఓ అనే అక్షరాలు వాడతారు. ఆ తరగతిలో సంస్థ ఎన్ని సీట్లు విడుదల చేస్తే భాగస్వామి పథకానికి అన్నే కనిపిస్తాయి. తమ సొంత సభ్యులకు మాత్రం కొన్ని సంస్థలు ఇంకొన్ని ఎక్కువ చూపుతాయి. నలుగురున్న కుటుంబానికి నాలుగు బిజినెస్ సీట్లు ఒకే రోజు కావాలంటే సముద్రం దాటే విమానాల్లో అది చాలా అరుదు. ఇద్దరిద్దరుగా విడిపోవడానికి సిద్ధపడితే మార్గాలు పెరుగుతాయి. డిసెంబరు రెండో సగం నుంచి సంక్రాంతి దాకా పిల్లలు ఇక్కడికి వచ్చే రోజుల్లో ఈ కరవు మరింత తీవ్రంగా ఉంటుంది.

వెతకడంలో రెండు మాయలు ఉన్నాయి. మొదటిది, వెబ్‌సైటులో సీటు కనిపిస్తుంది కానీ టికెట్ ఇవ్వబోయే సమయానికి లేదంటుంది. ఒక సంస్థ కంప్యూటరు దాచి ఉంచుకున్న పాత లెక్కను మరో సంస్థ సైటు చూపుతుండటం వల్ల ఇలా జరుగుతుంది. అదే సీటు యునైటెడ్ సైటులోనూ, ఎయిర్ కెనడా సైటులోనూ కనిపిస్తే అది నిజంగా ఉండే అవకాశం ఎక్కువ. రెండోది మరింత చిక్కైనది. ఢిల్లీ నుంచి వియన్నాకు విడిగా సీటు ఉంటుంది, వియన్నా నుంచి న్యూయార్క్‌కు విడిగా ఉంటుంది, రెండూ కలిపి అడిగితే ఉండదు. ఒక్కోసారి ఇందుకు పూర్తిగా విరుద్ధంగానూ జరుగుతుంది. విమాన సంస్థ ఒక్కో అంచెను విడివిడిగా కాక, ప్రయాణికుడు మొదట ఎక్కిన ఊరి నుంచి చివర దిగే ఊరి దాకా మొత్తం ప్రయాణాన్ని ఒక సరుకుగా లెక్కగట్టి సీటు ఇవ్వాలో వద్దో తేల్చుకోవడమే దీనికి కారణం. అటువంటప్పుడు మధ్యలో మజిలీ పెట్టి చూడాలి. 24 గంటలు దాటి ఆగితే రెండు అంచెలూ విడిపోయి, అంతవరకు దొరకని సీటు దొరికిన సందర్భాలు ఉన్నాయి.

ఆ 24 గంటల గీత గురించి వివరంగా చెప్పాలి. అంతర్జాతీయ ప్రయాణంలో 24 గంటల లోపు ఆగితే అది విమానం మారడమే. అంతకు మించితే స్టాపోవర్, అంటే మజిలీ. సాయంత్రం దిగి మరునాడు మధ్యాహ్నం ఎక్కితే ఊరు కొంత చూసినట్టే అవుతుంది, మజిలీ ఖాతాలో పడదు. అసలు మజిలీకి ఒక్కో పథకం ఒక్కో షరతు పెడుతుంది. ఎయిర్ కెనడా ఏరోప్లాన్ 2020 నవంబరులో కొత్త రూపు దాల్చినప్పటి నుంచి ఒకవైపు టికెట్ మీద 5,000 పాయింట్లు అదనంగా తీసుకుని 45 రోజుల వరకు ఆగనిస్తోంది. క్యాథే పసిఫిక్ ఏషియా మైల్స్‌లో వన్‌వరల్డ్ సంస్థలను కలిపి తీసుకునే అవార్డుకు ఐదు మజిలీల వరకు అనుమతి ఉంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్‌లో భూమిని చుట్టివచ్చే స్టార్ అలయన్స్ అవార్డు మొత్తం 35,000 మైళ్ల దూరం లోపు, ఏడు మజిలీల వరకు సాగవచ్చు. జపాన్‌కు చెందిన ఏఎన్ఏ ఎనిమిది మజిలీలతో ఇలాంటి అవార్డే ఇచ్చి ప్రపంచమంతటా పేరు తెచ్చుకుంది కానీ 2025 జూన్‌లో దాన్ని నిలిపివేసింది. ఉదారమైన నియమాలు ఎప్పటికీ ఉంటాయనుకుని మైళ్లు దాచుకుంటూ కూర్చోవడం తెలివైన పని కాదని నా అభిప్రాయం. ఏడు మజిలీలకు అనుమతి ఉంది కదా అని ఏడూ వాడుకోవాలని కూడా లేదు. అరవై ఏళ్లు దాటినవారికి దారిలో ఒకటి, మహా అయితే రెండు మజిలీలు సుఖం.

ఇప్పుడు మన ఊరి లెక్కకు వద్దాం. విశాఖ నుంచి ఢిల్లీ మీదుగా వియన్నా వెళ్లి, అక్కడ కొన్నాళ్లు ఆగి, న్యూయార్క్ చేరాలనుకున్న దంపతులను తీసుకుందాం. ఏరోప్లాన్ ఉత్తర అమెరికాకూ మన ప్రాంతం ఉన్న జోన్‌కూ మధ్య ధరను ఎగిరిన దూరాన్ని బట్టి 4,000, 6,000, 8,000 మైళ్ల గీతల దగ్గర మారుస్తుంది. ఢిల్లీ–వియన్నా సుమారు 3,450 మైళ్లు, వియన్నా–న్యూయార్క్ సుమారు 4,230. కలిపితే 7,680, అంటే 8,000 లోపే. దీనికి విశాఖ–ఢిల్లీ 840 మైళ్లు చేర్చామా, మొత్తం 8,520 అయి పై ధరలోకి పోతుంది. ఆ చిన్న అంచె కోసం ఇద్దరూ చెల్లించే అదనపు పాయింట్లు, విశాఖ–ఢిల్లీ టికెట్ రూపాయల్లో కొంటే అయ్యే ఖర్చు కంటే ఎక్కువ విలువైనవి కావచ్చు. అలాగని విడిగా కొనడమే మేలని తేల్చి చెప్పను. ఒకే టికెట్ మీద ఉంటే విశాఖ విమానం ఆలస్యమై వియన్నా విమానం తప్పినా మరో విమానంలో పంపే బాధ్యత సంస్థలదే అవుతుంది, సామాను కూడా సాధారణంగా చివరి ఊరిదాకా వెళుతుంది. రెండు టికెట్లయితే తప్పిన విమానానికి ఎవరూ జవాబుదారీ కారు. విడిగా కొనేవారు ముందురోజే ఢిల్లీ చేరి రాత్రి అక్కడ ఉండాలి. ఆ హోటలు ఖర్చునూ లెక్కలో వేసుకున్నాకే ఏది చవకో తెలుస్తుంది. న్యూయార్క్ కాక షికాగో వెళ్లేవారికి ఈ మీమాంస లేదు, ఎందుకంటే వియన్నా మీదుగా ఢిల్లీ నుంచే ఆ దూరం 8,000 దాటుతుంది కనుక విశాఖ అంచెను నిశ్చింతగా చేర్చుకోవచ్చు.

విశాఖ నుంచి నడిచే విమానాల్లో అధిక భాగం ఇండిగోవి. ఆ సంస్థ ఈ మూడు కూటముల్లో దేనిలోనూ లేదు. సింగపూర్‌కు నేరుగా వెళ్లే స్కూట్ సింగపూర్ ఎయిర్‌లైన్స్ కుటుంబానిదే అయినా స్టార్ అలయన్స్ సభ్యసంస్థ కాదు, కాబట్టి ఏరోప్లాన్ వంటి పథకం పాయింట్లతో కట్టిన టికెట్‌లో అది ఇమడదు. ఎయిరిండియా విమానమే మనకు స్టార్ అలయన్స్ ద్వారం. వన్‌వరల్డ్ కావాలంటే శంషాబాద్ చేరాలి. అక్కడి నుంచి ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, క్యాథే, మలేసియా ఎయిర్‌లైన్స్ ఉన్నాయి. శంషాబాద్ దాకా విమానమే ఎక్కాలని లేదు. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మరునాడు పొద్దున దిగి, సాయంత్రం దాకా చుట్టాలింట్లో విశ్రాంతి తీసుకుని అర్ధరాత్రి విమానం అందుకునే పద్ధతిని నేను తక్కువగా చూడను.

పాయింట్లను బ్యాంకు నుంచి విమాన పథకానికి ఎప్పుడు బదిలీ చేయాలన్నది తరువాతి ప్రశ్న. యాక్సిస్, హెచ్‌డీఎఫ్‌సీ, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ వంటి సంస్థల కొన్ని కార్డుల పాయింట్లను క్రిస్‌ఫ్లయర్ మొదలైన పథకాలకు మార్చుకోవచ్చు. నిష్పత్తులూ పరిమితులూ తరచూ మారుతుంటాయి. ఒకసారి మార్చినవి వెనక్కి రావు. అందువల్ల సీటును రెండు చోట్ల చూసి ధ్రువపరచుకున్నాకే బదిలీ చేయాలి. బదిలీకి రోజులు పట్టే పథకమైతే ఆలోగా సీటు పోవచ్చు కాబట్టి, అదే ప్రయాణానికి మరో తేదీ కూడా చూసి పెట్టుకోవాలి. క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు మూడేళ్ల గడువు ఉంది కనుక ఎప్పుడో వెళదామని ముందే మార్చి ఉంచడం వల్ల లాభం లేదు.

ఇక్కడ తెలుగువారిని ప్రత్యేకంగా వేధించే సమస్య పేరు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి కొందరికి ఖాళీగా ఉంటుంది, కొందరికి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. బ్యాంకు కార్డు మీద రెండు పొడి అక్షరాలూ చివర రావో రాజో ఉంటుంది. విమాన పథకంలో పిల్లలు తమకు తోచినట్టు రాసి ఉంటారు. ఈ మూడూ కలవకపోతే పాయింట్ల బదిలీ ఆగిపోవచ్చు, లేదా టికెట్ మీద పేరు పాస్‌పోర్టుతో సరిపోక కౌంటరు దగ్గర నిలబడిపోవలసి రావచ్చు. అన్నీ పాస్‌పోర్టు ప్రకారమే ఉండేలా ముందే దిద్దించుకోండి. తల్లిదండ్రుల కోసం పిల్లల మైళ్లు వాడేటప్పుడు పథకం నిబంధన చూడండి. ఉదాహరణకు క్రిస్‌ఫ్లయర్‌లో సభ్యుడు ఐదుగురిని మాత్రమే నామినీలుగా, అంటే తన మైళ్లతో టికెట్ తీసుకోదగినవారిగా, నమోదు చేసుకోగలడు. ఇతరుల మైళ్లు కొని చవకగా బిజినెస్ టికెట్ ఇప్పిస్తామనే మధ్యవర్తుల జోలికి పోవద్దు. మైళ్ల అమ్మకాన్ని పథకాలు నిషేధించాయి. పట్టుబడితే సగం ప్రయాణంలో ఉన్న టికెట్ కూడా రద్దు కావచ్చు.

అవార్డు టికెట్ ఉచితం కాదు. పన్నులు తప్పవు, కొన్ని పథకాల్లో ఇంధన సర్‌చార్జీ కూడా పడుతుంది. ఏరోప్లాన్ 2020 నుంచి ఆ సర్‌చార్జీని వసూలు చేయడం లేదు, అదే విమానానికి మరో పథకం వేలల్లో వసూలు చేయవచ్చు. బ్రిటన్ నుంచి బయలుదేరేవారిపై అక్కడి ప్రభుత్వం ప్రయాణికుల సుంకం వేస్తుంది. పై తరగతుల్లో అది ఎక్కువ, అవార్డు టికెట్‌కూ మినహాయింపు లేదు. లండన్‌లో దిగడానికి ఆ సుంకం లేదు కాబట్టి, లండన్‌లో దిగి రైల్లో పారిస్ చేరి అక్కడి నుంచి విమానం ఎక్కేలా ఓపెన్ జా పద్ధతిలో, అంటే దిగే ఊరొకటి, ఎక్కే ఊరొకటిగా, టికెట్ అల్లుకుంటే డబ్బు మిగలవచ్చు, ఇంకో ఊరూ చూసినట్టవుతుంది.

వీసాల సంగతి చాలామంది చివర్లో తలచుకుంటారు. వియన్నాలో మజిలీ అంటే ఐరోపాలోని చాలా దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంగెన్ వీసా కావలసిందే. అమెరికాలో విమానం మారడానికి మాత్రమే దిగినా వీసా ఉండాలి, అక్కడి ఇమిగ్రేషన్ దాటి సామాను తీసుకుని మళ్లీ అప్పగించాలి. అమెరికా వీసా లేనివారికి అమెరికా మీదుగా మెక్సికో వెళ్లే అవార్డు ఎంత చవకగా కనిపించినా పనికిరాదు.

బుకింగ్ ఎప్పుడు తెరుచుకుంటుందన్నదీ చూసుకోవాలి. సింగపూర్ ఎయిర్‌లైన్స్ 355 రోజుల ముందు, యునైటెడ్ 337 రోజుల ముందు సీట్లు తెరుస్తాయి. మూడు నెలలు అమెరికాలో ఉండదలచినవారికి వెళ్లే రోజు సీట్లు తెరుచుకున్నప్పుడు తిరుగు ప్రయాణం ఇంకా తెరుచుకోదు. అందుకే వెళ్లేది, వచ్చేది రెండు ఒకవైపు టికెట్లుగా విడివిడిగా తీసుకోవడం మేలు; ఒకటి మార్చవలసి వస్తే రెండోదాని జోలికి పోనక్కరలేదు.

టికెట్ చేతికి వచ్చాక అందులో 13 అంకెల టికెట్ నంబరు ఉందో లేదో చూడండి. పీఎన్‌ఆర్ ఉన్నంత మాత్రాన టికెట్ జారీ అయినట్టు కాదు. ఆ నంబరులో మొదటి మూడు అంకెలు జారీ చేసిన సంస్థను చెబుతాయి: ఎయిరిండియాకు 098, ఎయిర్ కెనడాకు 014, సింగపూర్‌కు 618. ఏడాది ముందు తీసుకున్న టికెట్‌లో వేళలు మారడం మామూలే. మారినప్పుడు విమానం నడిపే సంస్థకు కాక, జారీ చేసిన పథకానికే ఫోన్ చేయాలి. కొత్త వేళలతో టికెట్ మళ్లీ జారీ చేయించాలి. వేళల మార్పు ఒక్కోసారి మనకే కలిసివస్తుంది, ఎందుకంటే కనెక్షన్ చెడినప్పుడు అంతకుముందు ఇవ్వని మంచి విమానంలో సీటు అడిగే హక్కు అప్పుడు వస్తుంది. మధ్యలో ఏ అంచెనూ చెప్పకుండా వదిలేయవద్దు. వదిలేస్తే తరువాతివన్నీ వాటంతటవే రద్దవుతాయి.

ఇక మీ ప్రశ్నలు వింటాను. తమ టికెట్ల గురించి అడగదలచినవారు పీఎన్‌ఆర్ మాత్రం బిగ్గరగా చదవవద్దు. ఆ ఆరు అక్షరాలూ మీ ఇంటిపేరూ తెలిస్తే ఈ హాలులో ఎవరైనా మీ టికెట్‌ను తెరిచి మార్చేయగలరు.