రొరైమా: వాన చెక్కిన కొండ

[దృశ్యం: మబ్బుల్లోంచి తేలి వస్తున్న రాతి గోడ]

ఈ కొండకు కొన లేదు. మోకాలి ఎత్తు గడ్డి మైదానం మీద ఎవరో పెద్ద పీట వేసినట్టు పైభాగమంతా చదును. చుట్టూ దాదాపు 400 మీటర్ల నిట్టనిలువు గోడలు. వెనెజువెలా, గయానా, బ్రెజిల్ సరిహద్దులు కలిసే చోట నిలిచిన రొరైమా ఇది. ఎత్తు 2,810 మీటర్లు. ఇలాంటి కొండలను అక్కడి పెమోన్ ప్రజలు తెపుయి అంటారు.

170 కోట్ల ఏళ్ల కిందట పేరుకున్న ఇసుకే గట్టిపడి ఈ రాయి అయింది. ఒకప్పుడు ఇదంతా ఒకే పీఠభూమి. వానలూ నదులూ కోసుకుంటూ పోగా మిగిలిన ముక్కల్లో రొరైమా ఒకటి.

[దృశ్యం: కొండపైన నల్లరాళ్లు, నీటి మడుగులు]

పైన ఇంచుమించు రోజూ వానే. రాయి నల్లగా కనిపిస్తుంది కానీ, పెచ్చు ఊడిన చోట చూడండి, లేత గులాబి రంగు! ఆ నలుపు రాతిని అంటుకుని బతికే సూక్ష్మజీవులది.

మట్టి నిలవదు, ఉన్న కాస్త సారాన్నీ వాన కడిగేస్తుంది. మరి మొక్క ఏం తిని బతకాలి?

[దృశ్యం: ఎర్రటి అంచున్న కూజా మొక్క, చాలా దగ్గరగా]

హీలియాంఫోరా. దీని ఆకే పొట్లంలా చుట్టుకుని కూజా అయింది. పైన చిన్న గరిటెలాంటి భాగంలో తేనె ఊరుతుంది. దానికోసం వచ్చిన చీమ కాలు జారితే, కిందికి వంగిన నూగు మళ్లీ ఎక్కనివ్వదు. లోపలి నీళ్లలో బాక్టీరియా ఆ చీమను కుళ్లబెడితే, ఆ సారాన్ని మొక్క పీల్చుకుంటుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది కూజా ముందువైపున్న సన్నని చీలిక. కుండపోత కురిసినా ఎక్కువైన నీరు అందులోంచి కారిపోతుంది, కూజా బరువెక్కి ఒరిగిపోదు.

[దృశ్యం: బొటనవేలి గోరు మీద పట్టేంత నల్ల కప్ప]

ఈ కప్పకు గెంతడం రాదు, మెల్లగా నడుస్తుంది. దీని పిల్లలకు తోకకప్ప దశే లేదు, గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పలే వస్తాయి. పక్కనున్న కుకెనాన్ తెపుయి మీద దీని దగ్గరి బంధువు ఉంది. సాలీడు మీదికొస్తే అది కాళ్లు ముడుచుకుని గులకరాయిలా దొర్లిపోతుంది. ఒళ్లు అంత తేలిక కాబట్టి దెబ్బ తగలదు.

[దృశ్యం: గోడల మీంచి జారుతున్న జలపాతాలు]

ఇక్కడ పడ్డ చినుకు ఏ వైపు జారిందన్నదాన్ని బట్టి ఒరినోకోలోనో, అమెజాన్‌లోనో, ఎసెకిబోలోనో కలుస్తుంది. పెమోన్ల కథలో రొరైమా ఒక మహావృక్షపు మొద్దు. లోకంలోని పండ్లన్నీ ఆ చెట్టుకే కాసేవట. ఆ కథలోని వీరుడు మకునైమా దాన్ని నరికితే, మొద్దులోంచి నీళ్లు ఉబికి నేలంతా ముంచెత్తాయట.