ఇరుకులో ఒడుపు: 'మనూవర్' అనే క్రియ

అందరికీ నమస్కారం. ఇవాళ మనం మాట్లాడుకునే ఇంగ్లిష్ క్రియ 'మనూవర్'. డిక్షనరీ తీస్తే 'నేర్పుగా కదులు, కదిలించు' అని ఉంటుంది. తప్పేం కాదు గానీ, అంతవరకే పట్టుకుని వాక్యం రాస్తే బోల్తా పడతాం. కూచిపూడి ఆడే అమ్మాయి కదలికలోనూ బోలెడు నేర్పు ఉంది. దాన్ని మామూలుగా మనూవర్ అనరు. ఎందుకని?

ఒకసారి విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లి చూడండి. బాడీ కట్టించుకోవడానికి ఓ లారీ వస్తుంది. షెడ్డు ముందు ఒక పక్క రేకుల గుట్ట, ఇంకో పక్క ఇంజను విప్పేసిన మరో బండి. క్లీనర్ వెనక నిలబడి, అరచేత్తో బాడీని చరుస్తూ 'రానీ, రానీ, కొంచెం లెఫ్ట్ కొట్టు, ఆఁ, ఆపు' అంటుంటాడు. డ్రైవరు మూరెడు వెనక్కి, జానెడు ముందుకి, మళ్లీ స్టీరింగు పూర్తిగా అటు తిప్పి, ఎక్కడా గీత పడకుండా బండిని లోపల పెడతాడు. 'హి మనూవర్డ్ ద లారీ ఇంటు ద షెడ్.' చోటు ఇరుకు, తగిలితే నష్టం, ఒక్క తిప్పుతో తేలే పని కాదు. ఆ ఇబ్బందే లేకపోతే ఈ మాటకు అక్కడ పని లేదు. ఖాళీ హైవే మీద గుంటూరు వెళ్లడం ఉత్త డ్రైవింగే. సాయంత్రం పూట బెంజి సర్కిల్ దగ్గర ఆటోల మధ్య నుంచి బయటపడటం మాత్రం మనూవరింగే.

2024 సెప్టెంబరు మొదట్లో వరద గుర్తుంది కదా. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. పై నుంచి కొట్టుకొచ్చిన బోట్లు గేట్ల కౌంటర్ వెయిట్లను, అంటే గేట్ల బరువుకు తూకంగా పెట్టిన దిమ్మెలను గుద్దాయి. ఆ రాకను ఇంగ్లిష్‌లో 'డ్రిఫ్ట్' అంటారు. ఎంత జోరుగా వచ్చినా వాటిని నడిపిన చెయ్యి లేదు. ఆ తర్వాత రోజుల తరబడి ఆ బోట్లను గేట్ల నుంచి తప్పించడానికి పడిన పాట్లున్నాయే, మనూవర్ అన్న మాట అక్కడ సరిపోతుంది.

చెయ్యి అని ఊరికే అనలేదు. లాటిన్‌లో 'మను' అంటే చేత్తో, 'ఒపెరారి' అంటే పనిచేయడం. ఫ్రెంచి మీదుగా 18వ శతాబ్దంలో ఇది సైన్యం మాటగా ఇంగ్లిష్‌లో చేరింది. అదే మూలం నుంచి అంతకు చాలా ముందే వచ్చిన మాట 'మెన్యూర్'. మొదట్లో దానర్థం నేలను సాగు చేయడం, తర్వాతే ఎరువయింది. యుద్ధనౌక తిప్పడమూ పెంట తోలడమూ అన్నదమ్ముల బిడ్డలన్నమాట!

పేపర్లలో 'నౌకాదళ విన్యాసాలు' అని చదివేది దీని బహువచన రూపమే. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-3 భూమి చుట్టూ అయిదుసార్లు కక్ష్య పెంచుకుంది. వాటినీ మనూవర్లే అన్నారు. అంతరిక్షంలో చోటుకు కరువు లేదు, ఇరుకంతా ఇంధనంలోనూ ఇంజను మండించే క్షణంలోనూ ఉంది.

ఇక రెండో ముఖం. మనం 'తెరవెనక పావులు కదిపారు' అంటామే, అదీ మనూవరే. 'హి వాజ్ మనూవర్డ్ ఇంటు రిజైనింగ్' అంటే ఆయనను ఎవరూ గెంటలేదు, రాజీనామా తప్ప దారి లేకుండా చేశారు. అందుకే ఆఫీసు మెయిల్లో బాస్‌ను మెచ్చుకుంటూ ఈ మాట వాడకండి, ఎత్తిపొడుపు అనుకుంటారు. 'హ్యాండిల్' చాలు.

'రూమ్ ఫర్ మనూవర్' అనే పలుకుబడి నాకు బాగా ఇష్టం. మిర్చి యార్డుకు సరుకు తెచ్చిన రైతును తీసుకోండి. అప్పు నెత్తి మీద ఉంటే ఆ రోజు పలికిన ధరకే అమ్ముకుని వెళ్లాలి, అతనికి ఆ 'రూమ్' లేదు. కోల్డ్ స్టోరేజీలో పెట్టి నాలుగు నెలలు ఆగగలిగినవాడికి ఉంది. బేరమాడే తెలివి ఇద్దరికీ ఒకటే కావచ్చు.

పలికేటప్పుడు ఒత్తు 'నూ' మీద పడాలి, 'మాన్యువల్'లోలా మొదటి అక్షరం మీద కాదు. స్పెల్లింగు కాస్త చిరాకే. బ్రిటిష్ వాళ్లు 'ఎన్' తర్వాత ఓ, ఇ, యు మూడూ రాసి చివర 'ఆర్-ఇ' పెడతారు. అమెరికన్లు ఆ 'ఓ' తీసేసి చివర 'ఇ-ఆర్' రాస్తారు. ఏదైనా సరే, ఒకే జవాబు పత్రంలో రెండూ కలపకండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.