కరోబ్ కాయలో తీపి, వగరు

సభకు నమస్కారం.

మధ్యధరా సముద్ర తీరంలో, సున్నపురాతి కొండవాలుల మీద, మరే పంటా సరిగా నిలవని పలుచని నేలలో పెరిగే చెట్టు కరోబ్. చిక్కుడు కుటుంబానికి చెందిన ఈ చెట్టు ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది. శరత్తులో పూస్తే కాయ పండేది మరుసటి ఏడాది వేసవి చివర్లోనే. చింతకాయలా గోధుమ రంగుకు తిరిగే ఆ కాయలో జనం తినేది గింజను కాదు, దాని చుట్టూ ఉన్న తీయని గుజ్జును. అందులో దాదాపు సగం చక్కెర, మిగిలిన దానిలో పీచు, వగరునిచ్చే టానిన్లు ఎక్కువ. కరోబ్‌తో చేసే వంటలూ మందులూ అన్నీ ఈ తీపి, వగరులలో ఏదో ఒకదాన్ని ఎంచుకున్నవేనని నా అభిప్రాయం.

ఈ తేడాను ప్రాచీనులు బాగా గమనించారు. పచ్చికాయ తింటే విరేచనమవుతుందని, ఎండినది విరేచనాలను కట్టేస్తుందని 1వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు డయోస్కోరిడీస్ రాశాడు. ఎండిన కాయల పొడిని పసిపిల్లల అతిసారానికి వాడే పద్ధతి మధ్యధరా ప్రాంతపు ఇళ్లలో ఉండేది. 20వ శతాబ్దంలో యూరప్ వైద్యులు కూడా దాన్ని పరీక్షించి వాడారు. టానిన్లు పేగు గోడను బిగిస్తాయి, పీచు నీటిని పీల్చుకుంటుంది. అయితే బిడ్డ ప్రాణానికి ముప్పు తెచ్చేది ఒంట్లోని నీరు పోవడమే కనుక, ఓఆర్ఎస్ ద్రావణానికి ఈ పొడి ఎన్నటికీ బదులు కాదని తల్లిదండ్రులకు గట్టిగా చెబుతున్నాను.

తీపి కావాలనుకున్నవారు కాయలను చితక్కొట్టి నీళ్లలో నానబెట్టి, ఆ నీటిని వడకట్టి, చిక్కబడే వరకు కాస్తారు. చక్కెర నీటిలోకి దిగిపోతుంది. టానిన్లలో చాలా భాగం కరగక పిప్పిలోనే ఉండిపోతుంది. అందువల్లే కాయల పొడికి ఉన్న, విరేచనాలను కట్టే గుణం పాకానికి రాదు. లెబనాన్‌లో ఈ పాకాన్ని నువ్వుల ముద్దతో కలిపి రొట్టెకు అద్దుకుంటారు. సైప్రస్‌లోని అనోయిర గ్రామంలో పాకాన్ని ముదరబెట్టి, నల్లటి ముద్ద బంగారు వన్నెకు వచ్చే దాకా చేతులతో సాగదీసి పాస్తెలి అనే మిఠాయి చేస్తారు. మాల్టాలో పాకం దగ్గుకు ఇంటి మందు. ఈస్టర్‌కు ముందు ఉపవాస దినాల్లో మిఠాయి తినని కాలంలో కూడా కరోబ్ బిళ్లలకు అక్కడ అనుమతి ఉంది. ఈజిప్టులో రంజాన్ సాయంత్రాలలో చల్లని కరోబ్ పానీయం తాగుతారు. మధుమేహం ఉన్నవారు మాత్రం ఈ పాకాన్ని మందుగా భావించరాదు; అది చిక్కని చక్కెరే.

రెండవ ప్రపంచ యుద్ధంలో ధాన్యం దొరకని గ్రీసులో, ముట్టడిలో ఉన్న మాల్టాలో, పశువుల మేతగా వేసే ఈ కాయలే ఎన్నో కుటుంబాల ఆకలి తీర్చాయి. పేదల తిండి అని దీన్ని చిన్నచూపు చూసినవారు ఆ సంగతిని తలచుకోవాలి.

గింజ కథ వేరు. దాని పప్పు నుంచి తీసే బంక ఐస్‌క్రీమ్‌లో మంచు పలుకులు పెద్దవి కాకుండా ఆపుతుంది. పాలు కక్కే శిశువులకిచ్చే పాలపొడులలో చిక్కదనం కోసమూ దాన్ని కలుపుతారు. మన ఊళ్లలో కొనే ఐస్‌క్రీమ్ డబ్బా మీద 410 అన్న సంఖ్య కనబడితే అది ఈ బంకే. మన గోరుచిక్కుడు గింజల బంక కూడా రసాయనపరంగా ఇదే జాతి పిండిపదార్థం.