జెస్సీ వెల్స్‌ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టి వినాలి?

అందరికీ నమస్కారం. ఇవాళ జెస్సీ వెల్స్ గురించి మాట్లాడుకుందాం. ఊరు అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం, ఓజార్క్. పాట తనే రాస్తాడు, తనే బాణీ కడతాడు, తనే పాడతాడు. రీల్స్‌లో మీకు తగిలే ఉంటాడు. హైటెన్షన్ కరెంటు లైన్ల కింద గడ్డిలో నిలబడి, జులపాల జుట్టుతో, అకౌస్టిక్ గిటార్ మీటుతూ పాడుతుంటాడు. ఆ రీల్స్ మాత్రమే చూసి "వార్తల మీద పాటలు కట్టేవాడు" అని ముద్ర వేసేస్తే, అతనిలో మేలైన సగం మనకి దక్కదు.

వైరల్ అయిన పాటలతోనే మొదలుపెడదాం. 2024లో గాజా యుద్ధం మీద "వార్ ఈజంట్ మర్డర్" వచ్చింది. ఆ డిసెంబరులో యునైటెడ్ హెల్త్‌కేర్ అనే ఆరోగ్య బీమా కంపెనీ సీఈఓ హత్య జరిగిన కొద్దిరోజులకే "యునైటెడ్ హెల్త్" పెట్టాడు. ఈ రెండోది శ్రద్ధగా వినండి. అందులో కేకల్లేవు, నినాదాల్లేవు. కంపెనీ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, డబ్బు ఎటు పోతోంది అన్నది తాపీగా చెప్పుకుంటూ పోతాడు. అమెరికాలో డిడక్టబుల్ (బీమా డబ్బు రాకముందు మన జేబులోంచి పెట్టాల్సిన వాటా) కట్టి, క్లెయిమ్ తిరస్కరిస్తే ఫోన్ల చుట్టూ తిరిగిన మనవాళ్ళకి దీని అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. వాల్‌మార్ట్ మీద కూడా పాట ఉంది. ఆ కంపెనీ 1962లో మొదలైంది ఆర్కన్సాలోనే. బెంటన్‌విల్ హెడ్డాఫీసు చుట్టుపక్కల తెలుగు ఇళ్ళు బోలెడు. అంటే సొంత రాష్ట్రంలోని అతిపెద్ద కంపెనీ మీదే పాట కట్టాడన్నమాట.

ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. పక్క రాష్ట్రం ఓక్లహోమాలో పుట్టిన పాతతరం ఫోక్ గాయకుడు వుడీ గథ్రీ వాడిన "టాకింగ్ బ్లూస్" ఇదే బాపతు. రెండు మూడు గిటార్ కార్డ్‌లు (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు), మాట్లాడుతున్నట్టుండే గొంతు, జంట ప్రాసలతో పంక్తులు, చివర ప్రాస తప్పించి వదిలే ఓ విసురు మాట. బాణీ పలచగా ఉండటం వల్ల చెవి మొత్తం మాట మీదే నిలబడుతుంది. గొంతులో ఆ గరగర, మాటలోని చనువు వింటే అమెరికన్ ఫోక్ గాయకుడు జాన్ ప్రైన్ గుర్తొస్తాడు.

ఇబ్బంది కూడా ఇక్కడే ఉంది. "అండర్ ది పవర్‌లైన్స్" అనే సంకలనంలో 60కి పైగా పాటలున్నాయి. ఒకే గిటారు, ఇంచుమించు ఒకే నడక. వరసగా పది వింటే ఏది ఏ పాటో తేడా తెలియదు. పైగా వార్తకి ఆయుష్షు తక్కువ. "విజిల్ బోయింగ్" చూడండి, 2024లో బోయింగ్ విజిల్‌బ్లోయర్ల (కంపెనీ తప్పుల్ని బయటపెట్టిన ఉద్యోగుల) గొడవ తెలియనివాళ్ళకి సగం చురకలు అందవు. నా లెక్కలో రోజుకి మూడు నాలుగు చాలు. ఆ సంకలనం 2026 గ్రామీల్లో ఉత్తమ ఫోక్ ఆల్బమ్ నామినేషన్ తెచ్చుకుంది, అయినా ఇదే మాట చెప్తాను.

ఇక మిగతా సగం. 2025 ఫిబ్రవరిలో వచ్చిన "మిడిల్" ఆల్బమ్. ప్రొడ్యూసర్ ఎడ్డీ స్పియర్. డ్రమ్స్, బేస్ వచ్చి చేరాయి, ఫోక్ పక్కన రాక్ వచ్చి కూర్చుంది. ఇందులో "హార్సెస్" తప్పకుండా వినండి. ద్వేషాన్ని మోసుకు తిరగడం ఎంత బరువో చెప్పే పాట. ఏ హెడ్‌లైనూ తెలియకపోయినా గుండెకి తగులుతుంది. పదేళ్ళ తర్వాత కూడా నిలబడేవి ఇలాంటివేనని నా నమ్మకం. 2018లో ఒట్టి "వెల్స్" పేరుతో చేసిన "రెడ్ ట్రీస్ అండ్ వైట్ ట్రాషెస్" పూర్తిగా రాక్. డిస్టార్షన్ (ఎలక్ట్రిక్ గిటార్ శబ్దాన్ని కావాలనే గరుకుగా మార్చడం) హోరు ఎక్కువ. దాన్ని చివరికి ఉంచుకోండి. మాట ముందుకు రావాలంటే ఏమేం తీసేశాడో అప్పుడు స్పష్టంగా తెలుస్తుంది.

గిటార్ నేర్చుకునేవాళ్ళు ఈ తరహా పాటలకి పనికొచ్చే ఆల్టర్నేటింగ్ బేస్ పట్టుకోండి. సి కార్డ్ వేసి, బొటనవేలితో 5వ తీగ, 4వ తీగ, మళ్ళీ 5, మళ్ళీ 4. నాలుగు బీట్లకి నాలుగు దెబ్బలు. మెట్రోనోమ్ 60 మీద పెట్టి, మాట్లాడుతున్నా బొటనవేలు తడబడకుండా సాగేదాకా అదొక్కటే వాయించండి. ఆ తర్వాతే చూపుడువేలితో 2వ తీగ, మధ్యవేలితో 1వ తీగ బీట్ల మధ్యలో కలపండి. అందరూ బోల్తా పడేది ఒక్కచోటే. పాట అందుకోగానే బొటనవేలు గొంతు వెనక పరిగెడుతుంది. అలా అయితే పాడటం ఆపి, సాహిత్యాన్ని మామూలు మాటల్లా చదువుతూ వాయించండి.

ఆ వీడియోల్లా రికార్డ్ చేద్దామనుకునేవాళ్ళకి ఓ సంగతి. ఆరుబయట గోడలుండవు, కాబట్టి ప్రతిధ్వని రాదు. ఖాళీ గదిలో అదే ఫోన్‌తో తీస్తే గొంతు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. బయట తీసేటప్పుడు గాలికి మైకులో గుడగుడమని మోత వస్తుంది. మైకుకి ఫోమ్ తొడుగు వేసి, గాలికి వీపు పెట్టి నిలబడండి. ఫోన్ ఛాతీ ఎత్తులో, మూడడుగుల్లోపు ఉంటే గొంతూ గిటారూ సమంగా పడతాయి.

యాస అర్థం కాకపోతే స్పీడు 0.75కి తగ్గించి, లిరిక్స్ పక్కన పెట్టుకుని వినండి. ముందు "యునైటెడ్ హెల్త్", ఆ వెంటనే "హార్సెస్". ఈ రెండూ విన్నాక మీకు ఏది పట్టిందో కామెంట్‌లో రాయండి.